రిజిస్టరులో 'పసుపు' గడి

మంగళవారం ఉదయం తొమ్మిది దాటాక సిస్టర్ నూకరత్నం ఫోన్ చేసింది. అనకాపల్లిలో మేము మా సెన్సర్‌ను పరీక్షిస్తున్న చిన్న ప్రసూతి ఆసుపత్రిలో ఆమె హెడ్ నర్సు. మామూలుగా ఫోన్ చేస్తే ముందు నన్ను కాసేపు ఆటపట్టించి, తర్వాత అసలు సంగతికి వచ్చేది. ఆ రోజు నేరుగా సంగతే చెప్పింది.

"మేడమ్, ఆ రాంబిల్లి ఊరి పాపని మళ్ళీ తెచ్చేరు. పాలు తాగట్లేదు. లేపితే లెగట్లేదు. ఒళ్ళంతా పచ్చగైపోయింది. డాక్టరమ్మ రక్తం తీయించేరు. మీరొకపాలి రండి."

"మొన్న మన రీడింగ్ ఎంత వచ్చింది?"

"ఎనిమిది," అంది. "ఎనిమిదని రాసి ఇంటికి పంపించేసేం."

విశాఖ వెళ్ళే రైలు కోసం అప్పటికే అనకాపల్లి స్టేషన్లో నిలబడి ఉన్నాను. రైలు వస్తోందని మైకులో చెబుతున్నారు. వెనక్కి తిరిగి ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఎనిమిది అన్న అంకె గురించే ఆలోచించాను. పుట్టిన పిల్లల్లో కామెర్లు ఎంత ఉన్నాయో సూది గుచ్చకుండా చెప్పడం మా సెన్సర్ పని. పది దాటితే రక్తపరీక్ష చేయించాలని నియమం పెట్టుకున్నాం. ఎనిమిది అంటే ఇంటికి వెళ్ళవచ్చు.

నేను వెళ్ళేసరికి పాపను కామెర్లు తగ్గించే నీలి దీపం కింద పడుకోబెట్టారు. కళ్ళకు గంతలు కట్టారు. రక్తపరీక్షలో ఇరవై నాలుగు దాటింది. విశాఖలో పెద్దాసుపత్రికి పంపించి రక్తం మార్చాలని డాక్టరు నిర్ణయించింది, అంబులెన్సు కోసం చూస్తున్నారు. తల్లి ఎస్తేరు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె తల్లి మరియమ్మ పాప గుడ్డలు సంచిలో సర్దుతోంది.

నేను రిజిస్టరు తీశాను. రెండో రోజు మధ్యాహ్నం రాసిన వరుస అది. యంత్రం చూపింది: పన్నెండు. పసుపు: ఉంది. తీసివేత: నాలుగు. చివరి విలువ: ఎనిమిది.

మరియమ్మ దగ్గరికి వెళ్ళి అడిగాను. "అమ్మా, పాప నుదుటికి పసుపు ఎప్పుడు రాశారు?"

ఆమె సంచి కింద పెట్టింది. "పసుపా? మాం పసుపు రాయమమ్మా. మా ఇంట్లో ఆ అలవాటు నేదు. కొబ్బరి నూనె రాసేను, పౌడరేసేను. అంతే." నా ముఖం చూసి ఆమెకు భయం వేసినట్టుంది. "ఏటమ్మా, రాయాలా? రాయకపోబట్టి ఇలాగైందా?"

కాదని నేను చెప్పేలోగానే అంబులెన్సు వచ్చింది. వాళ్ళు ముగ్గురూ వెళ్ళిపోయారు.

సెన్సర్ అంటే ఏమిటి

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను.

మాది అనకాపల్లి పక్కనే మునగపాక. ఫిజిక్సులో ఎం.ఎస్సీ. చేశాక ఉద్యోగం దొరక్క మూడేళ్ళు విశాఖలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటరుగా పనిచేశాను. అక్కడ మా న్యూస్ ఎడిటరు నా కాపీ మీద పెన్సిల్‌తో గీతలు గీసి ఒకే ప్రశ్న వేసేవాడు: "ఈ మాట పొద్దున్న టీ తాగుతూ చదివేవాడికి ఒక్క అర్థమే ఇస్తుందా, రెండిస్తుందా?" రెండిస్తే తిప్పి పంపేవాడు. తర్వాత విశాఖలోనే ఒక పరిశోధనశాలలో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరి, కాంతి సెన్సర్ల మీదే ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ప్రమోషన్ల గురించి రాయడానికి ఏమీ లేదు. రావలసినప్పుడు వచ్చాయి, కొన్ని రాలేదు.

కాంతి సెన్సర్ వెలుతురును కరెంటుగా మారుస్తుంది. సెల్‌ఫోన్ కెమెరాలో ఉండే సిలికాన్ సెన్సర్ అన్ని రంగులనూ తీసుకుంటుంది. ఒక్క రంగే కావాలంటే దాని మీద రంగుటద్దాలు పెట్టాలి. మేము పనిచేసినవి కర్బన పదార్థాలతో చేసినవి. వాటిలో అణువు నిర్మాణాన్ని కాస్త మారిస్తే అది తీసుకునే రంగు మారుతుంది. నీలం మాత్రమే చూసే పొర ఒకటి, ఆకుపచ్చ మాత్రమే చూసే పొర ఒకటి తయారు చేయవచ్చు. సిరాలాగా కరిగించి పల్చటి ప్లాస్టిక్ మీద పూస్తే చాలు, ఎక్కువ ఖర్చుండదు, వంచినా విరగదు.

కామెర్లు వచ్చిన పిల్లల చర్మంలో చేరే పదార్థం నీలి కాంతిని మింగేస్తుంది, ఆకుపచ్చను దాదాపు వదిలేస్తుంది. కాబట్టి నుదుటి మీద చిన్న దీపం వెలిగించి, తిరిగి వచ్చిన కాంతిలో ఆకుపచ్చతో పోలిస్తే నీలం ఎంత తగ్గిందో చూస్తే కామెర్లు ఎంత ఉన్నాయో తెలుస్తుంది. నీలం ఎంత తక్కువైతే అంకె అంత పెరుగుతుంది. సూత్రం ఇంతే. ఇప్పటికే ఈ పని చేసే యంత్రాలున్నాయి, కానీ అవి పెద్దాసుపత్రులకే. మాకవరపాలెంలాంటి మారుమూల చోట ఒక నర్సు సంచిలో పెట్టుకుని తిరగగలిగేది చేయాలని మా ఆశ.

మా పని గురించి ఒకసారి పేపర్లో వచ్చింది. ఇంగ్లీషులో రెండూ 'ఆర్గానిక్' కావడంతో కుర్ర విలేకరి కర్బన సెన్సర్ అనే బదులు 'సేంద్రియ సెన్సర్' అని రాశాడు. ఆ ఆదివారమే మా మేనత్త కొడుకు అప్పారావు బావ చెరుకు తోట నుంచి తిన్నగా మా ఇంటికొచ్చాడు.

"ఏటే, ఎరువులెయ్యకుండా పండించేవంట సెన్సర్ని?"

"పండించలేదు బావా, పూశాం."

"పూత దశలో ఉందన్నమాట. పురుగు పట్టదా మరి?"

"పురుగు పట్టదు. తేమ పడుతుంది."

"అయితే మా బెల్లంలాంటిదే," అన్నాడు బావ. "వానాకాలం సూసుకో."

నవ్వాను కానీ, నా ఉద్యోగం మొత్తాన్ని ఆయన ఆ రెండు మాటల్లో చెప్పేశాడు.

నిలకడ

సెన్సర్ చేయడం కష్టం కాదు. ఇవాళ చెప్పిన అంకెనే ఆర్నెల్ల తర్వాత కూడా చెప్పించడం కష్టం. కర్బన పొరకు గాలి పడదు, తేమ పడదు, ఎండ పడదు. అన్నింటికన్నా ముందు దెబ్బతినేది నీలి పొర. తను ఏ కాంతిని చూడాలో ఆ కాంతే దాన్ని మెల్లగా పాడు చేస్తుంది. మన సముద్ర తీరంలో జూలై నుంచి నవంబరు దాకా గాల్లో ఉండే తేమ ఎలాంటి అతుకు సందులోంచైనా లోపలికి పోతుంది.

మా డైరెక్టరు భాస్కరం గారు ఈ విషయంలో మొండి మనిషి. అందరూ సెన్సర్లను గాలీ తేమా తగలకుండా నైట్రోజన్ నింపిన గాజు పెట్టెలో ఉంచి, వెయ్యి గంటలు నిలిచాయని పత్రాలు రాసేవారు. ఆయన ఒక్కోదాన్నీ తెచ్చి తన గది కిటికీ గట్టు మీద పెట్టించేవారు. "పెట్టెలో బతికేది సెన్సర్ కాదమ్మా, ఐసీయూలో పేషంటు," అనేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న అతి మంచి విషయం ఇదే. ఆయనలో లోపం ఏమిటంటే, చివరి సంవత్సరాల్లో, రిటైరయ్యేలోగా ఒక్క వస్తువైనా ఆసుపత్రి గుమ్మం తొక్కాలన్న తొందర పట్టుకుంది. ఆ తొందర నాకూ అంటింది. ఆయన మీదకు నెట్టేసి తప్పించుకోను.

అంతకు చాలా ఏళ్ళ ముందు నేను ఒక తప్పు చేశాను. ఒక సెన్సర్ నాలుగు నెలలు చెక్కుచెదరలేదని సంబరంగా రిపోర్టు ఇచ్చాను. నిజానికి అది సగానికి పడిపోయింది. మధ్యలో పరీక్ష దీపంలో బల్బు మాడిపోతే టెక్నీషియన్ కొత్తది వేశాడు. కొత్త బల్బు వెలుగు ఎక్కువ. సెన్సర్ ఎంత తగ్గిందో దీపం అంత పెరిగింది. గీత తిన్నగా వచ్చింది. బల్బు మార్చావా అని నేను అతన్ని అడగలేదు. అడగలేదు కాబట్టి అతను చెప్పలేదు.

గీత తిన్నగా వస్తే ఎవరూ కారణం వెతకరు. వంకర వస్తేనే వెతుకుతారు. ఈ సంగతి అప్పుడే బాగా తెలుసుకున్నాననుకున్నాను.

నాలుగు తీసివేత

అనకాపల్లి ఆసుపత్రిలో పరీక్ష జూన్‌లో మొదలైంది. మొదటి నెల మా అంకె, రక్తపరీక్ష అంకె దగ్గర దగ్గరగానే వచ్చాయి. ఆగస్టు వచ్చేసరికి మా అంకెలు పైకి పోసాగాయి. బాగున్న పిల్లలకు కూడా పన్నెండు, పదమూడు చూపేది. ప్రతిసారీ మడమ గుచ్చి రక్తం తీయాల్సి వచ్చేది. అమ్మమ్మలు తిట్టేవారు, డాక్టరు విసుక్కునేది. రోజూ సాయంత్రం ఆ అంకెలు ఇంటికి తెచ్చుకుని చూసుకునేదాన్ని. ఎవరు ఫోన్ చేసినా, పరీక్ష ఆపేయమని చెప్పడానికేనేమో అనిపించేది.

కారణం పట్టుకుంది నూకరత్నమే. ఒకరోజు నా ఎదురుగా ఒక బిడ్డ నుదుటిని దూదితో తుడిచి, ఆ దూదిని నా ముక్కు కింద పెట్టింది.

"మేడమ్, మీ మిషను పిల్లల్ని సూత్తందా, మా అత్తల పసుపుని సూత్తందా?"

మాడుకి ఆముదం పెట్టేటప్పుడు అందులో చిటికెడు పసుపు కలిపి, నుదుటికీ రాస్తారు. పసుపు కూడా నీలి కాంతిని మింగేస్తుంది. సెన్సర్‌కు రెండింటి మధ్య తేడా తెలియదు. దూదితో తుడిస్తే నూనె పోతుంది కానీ మరక చర్మంలో ఉండిపోతుంది.

"రాయొద్దంటే ఇంటారా?" అన్నాను.

"నేనే నా మనవడికి రాసేను. ఇంకొకల్ని ఏటని ఆపుతాను? అంతకన్నా దాన్ని గుండె మీద పెట్టండి. అక్కడెవరూ రాయరు."

ఆ మాట అప్పుడే విని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. నేను వినలేదు. అప్పటిదాకా తీసిన రీడింగులన్నీ నుదుటి మీదవి. చోటు మారిస్తే పరీక్ష మొదటి నుంచీ చేయాలి. మరో వానాకాలం దాకా ఆగాలి. అందుకని తెలివైన దారి ఒకటి కనిపెట్టాననుకున్నాను. పసుపు రాసిన పిల్లల్లో మా అంకె రక్తపరీక్ష కన్నా ఎంత ఎక్కువ వస్తోందో చూశాను. సుమారు నాలుగు. ఆ రిజిస్టరులో 'పసుపు' అని ఒక గడి గీయించి, ఉంది లేదా లేదు అని రాయమన్నాను. ఉంటే నాలుగు తీసేయాలి.

భాస్కరం గారు ఆ లెక్క చూసి, "ఈ నాలుగు మొత్తం పసుపుదేనా?" అని అడిగారు.

"అవునండీ," అన్నాను.

ఆయన ఇంకొక ప్రశ్న అడగాలి. అడగలేదు. మరుసటి వారం ఆయన రిపోర్టు ఇవ్వాలి.

ఆ నాలుగులో పసుపు వాటా రెండే. మిగతా రెండు మా సెన్సర్ ముసలితనం. వానలకు నీలి పొర బలహీనపడి, వచ్చిన నీలాన్ని కూడా సరిగా చూడలేక, కామెర్లు ఎక్కువున్నాయని చెప్పసాగింది. ఆ లోపాన్ని కూడా నేను పసుపు ఖాతాలో వేసేశాను. పసుపు రాయని పిల్లలను విడిగా చూసి ఉంటే దొరికిపోయేది. కానీ ఆ రోజుల్లో అలాంటి పిల్లలు ఆ వార్డులో చాలా కొద్దిమంది, వాళ్ళను లెక్కలోంచి పక్కన పెట్టాను.

దసరా దాటాక కొత్త సెన్సర్లు వచ్చాయి. అంచుల సీలు బాగా మెరుగుపరిచాం. కొత్తవి సరిగ్గా చెబుతున్నాయి. అందరం సంతోషించాం, స్వీట్లు పంచారు. నాలుగు తీసివేత మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

మరో మాట కూడా చెప్పాలి. మా సెన్సర్ చెప్పిన దాన్ని బట్టి ఏ బిడ్డనూ ఇంటికి పంపకూడదని కాగితం మీద ఉంది. డాక్టరు కంటితో చూసి నిర్ణయించాలి. మొదట్లో అలాగే చేశారు. తర్వాత సాయంత్రం పూట వార్డు నిండిపోయినప్పుడు, రిజిస్టరులో ఎనిమిది అని కనిపిస్తే చాలుననుకునే అలవాటు పడింది. ఇది ఆ ఆసుపత్రి ఒక్కదాని సంగతి కాదు. అంకె చూపించే యంత్రం పక్కన ఉంటే మనిషి తన కంటిని తక్కువగా నమ్ముతాడు. యంత్రం చేసేవాళ్ళు ఇది ముందే ఊహించాలి.

'ఉంది'

అంబులెన్సు వెళ్ళాక నూకరత్నం, నేను రిజిస్టరు ముందు కూర్చున్నాం. కుటుంబం పసుపు రాయలేదంటోంది. గడిలో 'ఉంది' అని ఉంది. రాసింది జ్యోతి అనే నర్సు, అంతకు నాలుగు రోజుల ముందే చేరింది. పిలిపించాం. అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇది నువ్వే రాసేవా?" అంది నూకరత్నం.

"నేనే సిస్టర్."

"పాప నుదుటికి పసుపు ఎక్కడ కనిపించిందే నీకు?"

జ్యోతి అర్థం కానట్టు చూసింది. "నుదుటికి కాదు సిస్టర్. ముక్కు మీద నొక్కి సూసేను. పసుపుగా ఉంది. గుండె దాకా దిగింది. పసుపు ఉందా లేదా అని అడిగేరు కదా, ఉందని రాసేను."

నూకరత్నం నా వైపు చూసింది. నేను గడి వైపు చూశాను. పసుపు. ఆ మాట గీయించింది నేను.

"నేను తప్పు రాసేనా మేడమ్?" అంది జ్యోతి.

"లేదమ్మా. నువ్వు సరిగ్గా చూశావు. సరిగ్గానే రాశావు."

ఆ వార్డులో ఆ రోజు పాపకు కామెర్లు ఎక్కువున్నాయని రెండు సాక్ష్యాలున్నాయి. ఒకటి మా సెన్సర్ చూపిన పన్నెండు. రెండోది ఈ అమ్మాయి కన్ను. రెండూ నిజం చెప్పాయి. నేను గీసిన గడి ఆ రెండో సాక్ష్యాన్ని తీసుకుని మొదటి దాన్ని కొట్టేసింది. వంటింట్లో డబ్బాలో ఉండేదీ పసుపే, ఒంటి మీద కనిపించే రంగూ పసుపే. మూడేళ్ళు ఒక్కో మాటకూ ఎన్ని అర్థాలున్నాయో చూడడానికే నాకు జీతం ఇచ్చారు. ఆ గడి పేరును మాత్రం ఆ కంటితో చూడలేదు. పరిశోధనశాలకు వచ్చాక మాటలు తేలికని, అంకెలే బరువని నమ్మాను.

భాస్కరం గారికి ఫోన్ చేసి చెప్పాను. రిజిస్టరులో ఆ వరుసను నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత పరీక్ష ఆపేయమన్నారు. రెండు రోజుల తర్వాత నేను రాసిన నివేదిక చదివి, ఒక వాక్యం మార్చమన్నారు. 'సిబ్బంది గడిని తప్పుగా నింపడం వల్ల' అని రాయమన్నారు.

"అది నిజం కాదండీ."

"అబద్ధమూ కాదుగా. మీరు అనుకున్నట్టు నింపలేదు."

"నేను అనుకున్నది ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

"ఈ ప్రాజెక్టు పోతే ఎంతమంది పిల్లలకు ఉపయోగం పోతుందో ఆలోచించండి," అన్నారు. అది బెదిరింపు కాదు. ఆయన నిజంగానే అలా అనుకున్నారు. అందుకే ఆ మాట కాదనడం కష్టమైంది. నేను వాక్యం మార్చలేదు. ఆయన మరో రెండు రోజులు తన దగ్గర పెట్టుకుని, మార్చకుండానే సంతకం చేశారు. నేను చూసినంతలో ఆయన చేసిన పెద్ద పనుల్లో దీన్నే మొదట చెబుతాను.

ఈ రంగంలో ఒక మాట మీరు చాలాసార్లు వింటారు: పరికరం బాగానే ఉంది, వాడినవాళ్ళదే పొరపాటు. విన్నప్పుడల్లా ఆ కాగితం గీసింది ఎవరో అడగండి.

రాంబిల్లిలో

పాపకు రక్తం మార్చారు. పన్నెండు రోజుల తర్వాత ఇంటికి తెచ్చారు. నూకరత్నాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. వెళ్ళొద్దని ఆఫీసులో ఇద్దరు సలహా ఇచ్చారు, కేసు పెడతారేమోనని. నాకూ ఆ భయం ఉంది. లేదని చెప్పను. కానీ అంతకన్నా, పసుపు రాయకపోవడం వల్లే ఇలా అయిందని మరియమ్మ అనుకుంటోందేమోనన్నది నన్ను నిలవనీయలేదు.

వాళ్ళది ఊరి చివర రేకుల ఇల్లు. ఎస్తేరు భర్త సముద్రం మీద చేపల వేటకు వెళ్ళాడు. పాపకు సారా అని పేరు పెట్టారు. మరియమ్మ కుర్చీ వేసింది. కూర్చోకుండానే చెప్పేశాను. యంత్రం ఏం చూపిందో, మేము ఏం తీసేశామో, ఎందుకు తీసేశామో. వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను.

ఎస్తేరు పాపను భుజం మార్చుకుంది. "అయితే మీ మిషను సరిగ్గానే సెప్పిందా?"

"చెప్పింది."

"మరి మీరే తగ్గించేరా?"

"మేమే తగ్గించాం."

"రాసిన పిల్లలకి తగ్గించాలని పెట్టేరు, రాయని మా పాపకీ తగ్గించేరు."

"అవును."

మరియమ్మ అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటోంది. "ఆ రోజు మధ్యాన్నమంతా నేనక్కడే కూకున్నాను కదమ్మా," అంది. "ఏటమ్మా, పసుపు రాసేవా అని ఒక్క మాట అడిగితే సెప్పనా?"

నూకరత్నం తల వంచుకుంది. "అడగాల్సిందే అత్తా. అడగలేదు," అంది.

కేసు మాట వాళ్ళు ఎత్తలేదు. ఎస్తేరు అడిగింది వేరే సంగతి. "కామెర్లు మెదడుకి ఎక్కితే సెవులు పోతాయన్నారు డాక్టరుగారు. మా పాపకి ఇనబడుద్దా మేడమ్?"

అది తెలుసుకోవడానికి పరీక్ష ఉందని, చేయిస్తామని చెప్పాను. వినబడుతుందని చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది.

ఆ తర్వాత

పాత సెన్సర్లను బీరువాలోంచి తీసి, ఒకే పసుపుపచ్చ అట్టముక్క మీద కొత్తవాటితో పక్కపక్కన కొలిచాను. పాతవాటి అంకె రెండు ఎక్కువ వచ్చింది. గంటసేపటి పని. ఆగస్టులో చేసి ఉండవలసింది. తర్వాత ఆ గడిలో 'ఉంది' అని రాసి ఇంటికి పంపిన పిల్లలందరి ఇళ్ళకూ తిరిగాం. నూకరత్నం తన సెలవు రోజుల్లో వచ్చింది. దొరికిన పిల్లలందరూ బాగున్నారు. నాలుగు కుటుంబాలు దొరకలేదు. ఇచ్చిన ఫోన్లు పనిచేయడం లేదు, ఇళ్ళు మారిపోయారు.

ఏడాది తర్వాత పరీక్ష మళ్ళీ మొదలైంది. ఇప్పుడు సెన్సర్‌ను గుండె మీద పెడుతున్నారు. ప్రతి ఉదయం ముందు ఒక అట్టముక్కను చూపించి, అది సరిగ్గా చెబితేనే బిడ్డ దగ్గరికి తీసుకెళ్తున్నారు. 'పసుపు' గడి పోయింది. దాని స్థానంలో 'ఒంటికి ఏం రాశారో ఇంటివాళ్ళను అడిగి రాయండి' అని ఉంది. వాక్యం పొడుగైపోయిందని కుర్రవాళ్ళు అన్నారు. పొడుగుగానే ఉండనివ్వమన్నాను. నీలి పొర మాత్రం వానాకాలంలో ఇంకా బలహీనపడుతోంది. ఇప్పుడున్న సీలుతో ఎన్ని వానలు తట్టుకుంటుందో తేలాలంటే అన్ని వానలూ చూడాల్సిందే. తొందర చేయడానికి దారి లేదు, ఎవరైనా ఉందంటే నమ్మకండి.

రిటైరయ్యాక నేను వారానికొకసారి ఆ ఆసుపత్రికి వెళ్ళి కొత్తవాళ్ళ రిజిస్టర్లు చదువుతాను. ఎవరూ అడగలేదు, ఆపనూ లేదు. ప్రతి గడి పేరునూ నర్సులందరి చేతా పైకి చదివించి, ఏం రాస్తారో చెప్పమంటాను. జ్యోతి ఇప్పుడు అక్కడ సీనియరు. కొత్తగా చేరినవాళ్ళకు ముక్కు మీద నొక్కి చూడడం తనే నేర్పుతుంది.

సారాకు మూడేళ్ళు నిండాయి. నడుస్తుంది, అమ్మమ్మను పేరు పెట్టి పిలుస్తుంది, మాటలు కొంచెం ఆలస్యంగా వచ్చాయి. పాపను నిద్రపుచ్చి చేసే చెవుల పరీక్ష రెండుసార్లు చేయించాం. కుడి చెవి రెండుసార్లూ బాగుందని వచ్చింది. ఎడమ చెవి మొదటిసారి బాగుందని, రెండోసారి లేదని వచ్చింది. రెండోసారి పాప మధ్యలో నిద్రలేచిందని, అందుకే అలా వచ్చి ఉండవచ్చని ఒక డాక్టరు అన్నారు. కాకపోవచ్చని ఇంకొకరు అన్నారు. మూడో పరీక్ష ఇంకా జరగలేదు.